జవాబు దెబ్బ

"పిడికిలి బిగించు," అన్నాడు కంపెనీ డాక్టరు.

స్విచ్చన్న బిగించాడు.

"విప్పు."

విప్పాడు.

"వేళ్లన్నీ ఉన్నాయి. కళ్లు కనబడుతున్నాయి. చెవులు వినబడుతున్నాయి. తన కాళ్ల మీద తనే నడిచొచ్చాడు." డాక్టరు పక్కనున్న లేబరు ఆఫీసరు వైపు తిరిగాడు. "ఇంక నష్టం ఎక్కడుందండీ?"

మేం కిటికీ బయట నిలబడి చూస్తున్నాం. మిల్లులో ఫస్టెయిడ్ గది కిటికీకి అద్దం లేదు, ఇనప వల ఉంది. ఆ వల నిండా రాతిపిండి. మొహం ఆనించి చూస్తే లోపలి మనుషులు పొగలో కూర్చున్నట్టు కనిపిస్తారు. షిఫ్టు దిగి, కనురెప్పలు కూడా కడుక్కోకుండా, ఒకరి భుజం మీదుగా ఒకరం చూస్తున్నాం. బల్ల వెనక ముగ్గురు. కంపెనీ డాక్టరు, లేబరు ఆఫీసరు, పట్నం నుంచి పిలిపించిన మనసు డాక్టరమ్మ. బల్ల ముందు స్టూలు మీద స్విచ్చన్న, మిల్లులో మర స్విచ్చు నొక్కేవాడు. మిల్లులో జరిగిన ప్రమాదం వల్ల ఆయన మనసు దెబ్బతిన్నదా లేదా అని ఆ ముగ్గురూ తేల్చాలి.

డాక్టరమ్మ మెత్తగానే అడిగింది. "నిద్ర పడుతోందా?"

"బాగానే పడుతోందమ్మా."

"తిండి?"

"బాగానే తింటున్నానమ్మా."

"స్నానం, బట్టలు... మీ పనులు మీరే చేసుకుంటున్నారా?"

స్విచ్చన్న చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ నిండా మేమున్నామని ఆయనకు తెలుసు. "చేసుకుంటున్నానమ్మా. నేను బాగానే ఉన్నాను."

నా పక్కన వదిన, అంటే ఆయన భార్య, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నీ అబద్ధాలే చెబుతున్నాడు మరిదీ," అంది గొంతులోనే.

"మీ నాన్న తాగేవాడా?" అని అడిగాడు కంపెనీ డాక్టరు.

"తాగేవాడు సార్."

"కొట్టేవాడా?"

"నాన్నలన్నాక కొట్టరా సార్?"

డాక్టరు దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు. నా వెనక నుంచి గ్రీజుగాడు, మర్లకు నూనె పెట్టేవాడు, నా చెవిలో అన్నాడు: "పీపా తిప్పింది వాళ్ల నాన్నా ఏంట్రా?"

ఇక వెళ్లొచ్చన్నారు. స్విచ్చన్న లేచి తలుపు దాకా వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. వేళ్ల కణుపులతో దాన్ని మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు. అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, లోపలున్నది నువ్వే కదా! ఎవరు పలకాలి?" అని కంపెనీ డాక్టరు పెద్దగా నవ్వాడు. "చూశారా, ఇప్పటిదాకా బాగుండి, పోతూ పోతూ నాటకం."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం ఎత్తింది. మళ్లీ దించింది.

నేను కిటికీ వదిలి తలుపు దగ్గరికెళ్లి, బయటి నుంచి మూడుసార్లు కొట్టాను. అప్పుడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. మొహం చెమటతో తడిసి, దాని మీద పిండి అంటుకుని, సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఆ కొట్టడమేమిటో చెప్పాలి. మిల్లు గడప తొక్కని చదువుకునే పిల్లలు కూడా ఇది చదువుతారు కదా.

మాది రాయిని పిండి చేసే మిల్లు. షెడ్డులో రెండు ఇనప పీపాలు, ఒక్కోటి ఇల్లంత. అడ్డంగా పడుకుని తిరుగుతుంటాయి. లోపలి గోడకు ఇనప పలకలు బిగించి ఉంటాయి. అవి అరిగిపోతే మార్చాలి. అందుకు పీపా ఆపి, ఖాళీ చేసి, పక్కనున్న చిన్న మూతలోంచి మనిషి పాక్కుంటూ లోపలికి పోవాలి. అది నా పని. నాతో పాటు స్విచ్చన్న బావమరిదిదీ అదే పని. వాడు వదినకు సొంత తమ్ముడు. షెడ్డు మొత్తం వాణ్ణి బావమరిదనే పిలిచేది. పళ్లూడిన ముసలివాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. "ఇంతమంది బావలుండి నాకొక్క పిల్లని చూడలేకపోయారు," అనేవాడు.

ఆ మోతలో మాట వినబడదు. అందుకని మాకు ముందటివాళ్లు ఒక పద్ధతి పెట్టారు. స్విచ్చు నొక్కేవాడు ముందు పీపాను సుత్తితో మూడుసార్లు కొడతాడు. లోపల మనిషుంటే వాడూ మూడుసార్లు కొడతాడు. దాన్ని మేం జవాబు దెబ్బ అంటాం. జవాబొస్తే స్విచ్చు జోలికి పోకూడదు. రాకపోతే పీపా ఖాళీ అన్నమాట. ఒకదానిలో మనిషి ఉన్నంతసేపూ పక్కదాన్ని ఆపి ఉంచాలి, లేకపోతే దెబ్బ వినబడదు. ఇది కూడా పద్ధతిలో భాగమే. చాలాకాలం కంపెనీ దాన్ని పాటించింది. కొత్త మేనేజరు వచ్చాడు. "ఒకటి రిపేరులో ఉంటే రెండోది కూడా పడుకోవాలా?" అన్నాడు. అప్పటినుంచి పక్క పీపా ఆగలేదు.

ఆ రోజు నేను కొత్త పలకల కోసం స్టోరుకు వెళ్లాను. బావమరిది లోపల ఉన్నాడు. మేనేజరు తొందరపెడితే మేస్త్రీ వచ్చి, లోపలికి తొంగైనా చూడకుండా, "అందరూ బయటికొచ్చారు, వెయ్యి" అని చెయ్యూపాడు. స్విచ్చన్న అయినా కొట్టాడు. చెవి ఆనించాడు. మళ్లీ కొట్టాడు. పక్క పీపా మోత తప్ప ఇంకేం లేదు. నొక్కాడు.

పీపా సగం చుట్టు తిరిగింది. బిగించని పలకలు లోపల జారిపడ్డ చప్పుడు నాకు స్టోరు దాకా వినబడింది. స్విచ్చన్నకూ వినబడింది. ఆపాడు. లోపలికి పాకింది నేనే. సుత్తి బావమరిది పిడికిట్లోనే ఉంది. వాడు మిగతా పనిముట్లు సర్దేసుకున్నాడు, సుత్తితో వేరే పనేమీ లేదు అప్పుడు. వాడు జవాబు కొట్టాడు. పక్క పీపా మోత ఆ జవాబును విననివ్వలేదు, అంతే.

వాడి చావును కంపెనీ ఎలాగో మూసేసింది. మిగిలింది స్విచ్చన్న.

వాళ్ల ఇల్లు మా ఇంటి గోడకు గోడ. గోడలోంచి అన్నీ వినబడతాయి. బియ్యం డబ్బా మూత తియ్యాలంటే ముందు దాన్ని కొడతాడు. దొడ్లో తలుపు తియ్యాలన్నా అంతే. బీరువా అయినా, పెట్టె అయినా, మూసి ఉన్నదేదైనా మూడు దెబ్బలు, తర్వాత నిశ్శబ్దం. వదిన ఎక్కడున్నా గరిటెతో గిన్నె మీద తిరిగి కొట్టాలి. లేకపోతే అక్కడే నిలబడిపోతాడు. అన్నం చల్లారిపోతుంది. పడుకున్న కూతురి వీపు మీద కూడా వేలితో మెల్లగా కొడతాడు. పిల్ల మొదట్లో ఉలిక్కిపడి ఏడ్చేది. ఇప్పుడు నేర్చుకుంది. నిద్రలోనే వాళ్ల నాన్న చేతి మీద మూడు కొట్టి, అటు తిరిగి పడుకుంటుంది.

"నా తమ్ముణ్ణి చంపింది ఈయన కాదు," అంది వదిన ఒకరోజు, గుమ్మంలో కూర్చుని, రోడ్డుకేసి చూస్తూ. "ఆ మాట నేను రోజూ చెబుతూనే ఉన్నా. నా మాట ఆయనకి ఎక్కడం లేదు. ఆ ముగ్గురూ రాసివ్వాలి మరిదీ. ఇది మిల్లు పెట్టిన దెబ్బ అని రాసివ్వాలి. అది చదివి వినిపిస్తే నమ్ముతాడేమో."

పరీక్ష చేసిన సాయంత్రమే వాళ్లు రాసిచ్చారు. నోటీసు బోర్డు మీద అంటించారు. కొద్దిపాటి బెదురు తప్ప జబ్బేమీ లేదట. ఆ బెదురు కూడా తండ్రి పెంపకం వల్ల ముందునుంచీ ఉన్నదట. పనికి అడ్డం కాదట. సోమవారం నుంచి అదే పీపా దగ్గర, అదే స్విచ్చు దగ్గర చేరాలి. చేరకపోతే ఉద్యోగమూ ఉండదు, క్వార్టరూ ఉండదు.

డాక్టరమ్మ కారెక్కబోతుంటే అడ్డం వెళ్లాను. "అమ్మా, తలుపు దగ్గర మీరు కళ్లారా చూశారు."

ఆమె ఆగింది. "చూశాను. వేలు తెగితే పరిహారం ఇంత, కన్ను పోతే ఇంత అని వాళ్ల పట్టీలో ఉంది. మనసుకి అలా గీత గీసి లేదు. మనిషి నోటితో చెప్పాలి. ఆయన ఏమడిగినా బాగానే ఉన్నానన్నాడు. మిగతా ఇద్దరూ అది పట్టుకున్నారు." కారు తలుపు మీద చెయ్యి పెట్టి, షెడ్డుకేసి చూసింది. "ఇక్కడ అందరూ అలాగే చెబుతారా?"

"అందరమూ," అన్నాను.

ఎందుకు చెబుతామో ఆమెకు తెలియదు. పొద్దున్నే గేటు దగ్గర మేస్త్రీ మమ్మల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణి అడుగుతాడు: "ఎలా ఉన్నావ్?" అది పలకరింపు కాదు. జ్వరమన్నవాణ్ణి పక్కకు తీస్తాడు. నడుం నొప్పన్నవాణ్ణి తీస్తాడు. వాడి జాగాలో బయట చెట్టు కింద కాచుకున్నవాణ్ణి పిలుస్తాడు. ఆ తర్వాత పక్కకు తీసినవాడు ఆ చెట్టు కింద కూర్చోవాలి. అందుకని మా నోళ్లకు ఒక్కటే మాట అలవాటు. పెళ్లాం అడిగినా అదే. చావు మంచం మీద ఉన్నవాడు కూడా మా దగ్గర బాగానే ఉన్నానని చెప్పే పోతాడు.

ఆదివారం సాయంత్రం సైకిల్ స్టాండులో కలిశాం. సమావేశమని పేరు పెట్టలేదు. సైకిళ్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లం తీసుకోకుండా ఉండిపోయాం.

"రేపు ఆయన్ని స్విచ్చు దగ్గర నిలబెడితే లోపలుండేది నేను," అన్నాను. "చెయ్యి వణికి నొక్కినా నేనే పోతాను. నొక్కలేక నిలబడితే ఆయన పోతాడు."

ఒక ముసలి ఫిట్టరు గొణిగాడు. "పిచ్చని ముద్ర వేయించుకుంటే ఎవడు రానిస్తాడ్రా పనికి? పిల్లలకి సంబంధాలు వస్తాయా? సర్దుకుపోతాడులే. నాలుగు రోజులు పోతే అదే పోతుంది."

"నాలుగు రోజులు పోతే అందరం పోతాం తాతా, నువ్వు ముందు," అన్నాడు గ్రీజుగాడు.

లారీ లోడింగువాళ్లలో ఒకడు లేచాడు. "ఆ డాక్టర్లని ఇంకోసారి రప్పిద్దాం. ఈయన్ని పీపా ముందు నిలబెడదాం. వణుకుడు వాళ్లే చూస్తారు. అప్పుడు రాయక చస్తారా?"

"ఏంటీ?" వదిన అంతదాకా గోడ పక్కన నిలబడి ఉంది. ముందుకొచ్చింది. "కోతిని ఆడించినట్టు ఆడిస్తారా? ఆయన వణికితే మీరు చుట్టూ నిలబడి చూస్తారా? మీ ఇంట్లోవాణ్ణి తీసుకెళ్లి వణికించుకో పో."

వాడు కూర్చున్నాడు. షెడ్డులోంచి మోత వస్తూనే ఉంది. ఆదివారమైనా ఒక పీపా తిరుగుతూనే ఉంటుంది.

"అసలు అడిగినప్పుడు ఆయన బాగాలేదని చెప్పి ఉంటే సరిపోయేది కదా," అన్నాడు ఎవడో.

దాంతో ఊడ్పులమ్మ చీపురు కింద పడేసింది. ఆమె షెడ్డు ఊడుస్తుంది. మిల్లులో అందరికంటే పాతది, నోరు అందరికంటే పెద్దది.

"నువ్వు చెప్పావా? మీలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెప్పాడా ఎప్పుడైనా? ఆయన్నంటున్నారు! ఆ పీపా లోపల కడిగింది ఎవరనుకున్నారు? నేను. అప్పటినుంచి అన్నం ముద్ద చేత్తో ఎత్తితే నోటి దాకా రాదు. చెంచాతో తింటున్నా, దొరసానిలాగా. నా కోడలు నవ్వుతుంది. ఎవరికి చెప్పాను? పొద్దున మేస్త్రీ అడిగితే ఏమన్నాను? బాగానే ఉన్నా బాబూ అన్నాను. ముసల్దాన్ని, నాకెందుకురా భయం? అయినా అదే అన్నాను."

ఎవరో దగ్గారు. గ్రీజుగాడు సైకిల్ సీటు మీది పిండి వేలితో తుడుస్తూ అన్నాడు: "నేనెందుకు వాగుతానో తెలుసా? నోరు మూస్తే ఆ పలకలు పడ్డ చప్పుడు వస్తుంది. అందుకే వాగుతా. మా ఆవిడ నన్ను నిద్రలో కూడా వాగుతున్నావంటుంది." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

నేనూ చెప్పాను. చొక్కా తల మీంచి వేసుకోలేకపోతున్నాను. మొహం మీద గుడ్డ పడితే ఊపిరి ఆగుతుంది. అందుకే గుండీల చొక్కాలు తొడుగుతున్నాను. ఇంట్లో అడిగితే ఫ్యాషనన్నాను.

ఇక ఒకరి తర్వాత ఒకరు. చిన్న గొంతులతో, సైకిళ్లకేసి చూస్తూ, దొంగతనం చెప్పుకుంటున్నట్టు చెప్పారు. చివరికి ముసలి ఫిట్టరు కూడా, "మూత బిగించేటప్పుడు లెక్క మర్చిపోతున్నా. ఎవరైనా లోపలున్నారేమో అని మళ్లీ విప్పుతున్నా," అన్నాడు. "ఎన్నిసార్లు విప్పుతానో నాకే తెలీదురా."

చీకటి పడేసరికి ఒక మాట మీదికొచ్చాం. స్విచ్చన్న ఒక్కడూ చెప్పలేడు. అందరం చెబుదాం. ఆ ముగ్గురూ మళ్లీ వచ్చి అందరినీ విని, ఇది మిల్లు పెట్టిన దెబ్బ అని రాసేదాకా, పక్క పీపా ఆపే పద్ధతి తిరిగొచ్చేదాకా, ఎవడూ పీపాలోకి దిగడు. ఎవడూ స్విచ్చు నొక్కడు.

సోమవారం పొద్దున గేటు దగ్గర వరసలో నిలబడ్డాం. చెట్టు కింద ఎప్పటిలాగే మనుషులు కాచుకుని ఉన్నారు. వాళ్లకు ముందే కబురు పంపాం. వస్తారో రారో తెలియదు. ఆకలి మాకంటే వాళ్లకే ఎక్కువ.

"ఎలా ఉన్నావ్?" అన్నాడు మేస్త్రీ, ముందున్న నన్ను చూడకుండానే.

"బాగాలేదు."

తలెత్తాడు. "పక్కకి పో. నువ్వు?"

"బాగాలేదు," అన్నాడు గ్రీజుగాడు.

"నువ్వు?"

"బాగాలేదు బాబూ," అంది ఊడ్పులమ్మ. "చాన్నాళ్లుగా బాగాలేదు. నువ్వెప్పుడూ సరిగ్గా అడగలేదు."

వరస మొత్తం అదే. కొందరు కాళ్లకేసి చూసుకుంటూ అన్నారు. ముసలి ఫిట్టరు మాత్రం అరిచినట్టే అన్నాడు, జీవితమంతా దాచుకున్నది ఒక్కసారే బయట పడ్డట్టు. మేస్త్రీ చెట్టుకేసి చెయ్యూపాడు. చెట్టు కిందివాళ్లు లేచారు. వాళ్లు లేచి, నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

మేనేజరు జీపు దిగి వచ్చాడు. మా వైపు చూడలేదు. నేరుగా స్విచ్చన్న దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "వీళ్ల గొడవ నీకెందుకయ్యా? నువ్వు బాగున్నావని డాక్టర్లే రాశారు. రా." షెడ్డులోకి నడిపించుకుపోయాడు. మేం వెనకే వెళ్లాం. దారిలో చేతికందింది తీసుకున్నాం. పానా, పార, ఇనప కమ్మీ.

మొదటి పీపా ఆగి ఉంది. రెండోది రాత్రి నుంచీ తిరుగుతూ గర్జిస్తోంది. స్విచ్చన్న సుత్తి అందుకుని పీపాను మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు.

"ఖాళీగానే ఉంది. నొక్కు," అని అరిచాడు మేనేజరు.

ఆయన చెయ్యి స్విచ్చు దాకా పోయి గాల్లో ఆగిపోయింది.

అప్పుడు గ్రీజుగాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి రెండో పీపాను ఆపేశాడు.

అది ఒక్కసారే ఆగదు. మూలుగుతూ, నెమ్మదిగా, చివరి చుట్టు తిరిగి ఆగింది. కొత్త మేనేజరు వచ్చాక ఆ షెడ్డులో అలాంటి నిశ్శబ్దం మేమెవరం ఎరగం. పైకప్పు రేకుల మీంచి పిండి రాలుతున్న చప్పుడు కూడా వినబడింది.

స్విచ్చన్న మళ్లీ కొట్టాడు. మూడు.

నేను పక్క స్తంభాన్ని పానాతో మూడుసార్లు కొట్టాను. ఊడ్పులమ్మ పారతో రేకు మీద కొట్టింది. తర్వాత అందరూ. గొట్టాల మీద, మెట్ల మీద, పలకల మీద. షెడ్డంతా మోగింది. మూడు. ఆగాం. మళ్లీ మూడు.

స్విచ్చన్న చెవి పీపా మీంచి తీశాడు. నడుం నిటారుగా చేశాడు. సుత్తిని జాగ్రత్తగా దాని కొక్కేనికి తగిలించాడు.

"జవాబొచ్చింది సార్," అన్నాడు. "నొక్కను."

తర్వాత స్విచ్చన్న, ఎవరూ అడగకుండానే, మా అందరికేసి చూసి ఇంకో మాటన్నాడు. చాలా మెల్లగా అన్నాడు.

"నేను బాగాలేను."

పోలీసు వ్యాను వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. "వీడికి మతి చలించింది. మర్ల దగ్గర ప్రమాదకరమైన మనిషి. ఆస్పత్రికి పంపాలి," అని మేనేజరు ఇన్‌స్పెక్టరుకు చెప్పాడు. పక్కన కంపెనీ డాక్టరు తలూపాడు.

"బాగున్నాడని రాసిన చెయ్యి ఇదే కదయ్యా?" అని ఊడ్పులమ్మ డాక్టరు చేతిని వేలెత్తి చూపించింది. "ఒక్క పూటలో పిచ్చివాడయ్యాడా? ఏ కన్నుతో చూస్తావు నువ్వు రోగిని?"

కానిస్టేబుళ్లు లాఠీలు అడ్డం పెట్టి మమ్మల్ని నెట్టారు. ముసలి ఫిట్టరు కిందపడ్డాడు. స్విచ్చన్నను ఎక్కించి వెనక తలుపు వేసి గొళ్లెం పెట్టారు. కిటికీలు లేని వ్యాను. నాలుగు వైపులా ఇనప రేకే.

ఒక్క క్షణం లోపలి నుంచి ఏమీ వినబడలేదు. వదిన నా పక్కనే ఉంది. ఆమె మొహం చూసి భయమేసింది నాకు. మూసిన ఇనప పెట్టెలో ఆయన ఒక్కడూ. ఇప్పటిదాకా బయట నిలబడి కొట్టినవాడు.

అప్పుడు వచ్చింది. లోపలి నుంచి, రేకు మీద, పిడికిలితో. మూడు.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను గొంతు సవరించుకుంది. వదిన లాఠీల కింది నుంచి దూరి వ్యాను దగ్గరికి పరుగెత్తింది. చేతి గాజు పగిలేలా రేకును కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

"ఉన్నా!" అని అరిచింది. "ఇక్కడే ఉన్నా! అందరం ఉన్నాం!"

మేం తోసుకుంటూ వెళ్లాం. చెట్టు కిందివాళ్లు కూడా లేచి వచ్చారు, వట్టి చేతులతో. వ్యాను చుట్టూ అన్ని చేతులూ ఒక్కసారే పడ్డాయి. లోపలి నుంచి మళ్లీ మూడు. ఈసారి గట్టిగా. తడబాటు లేకుండా.

జవాబొస్తే మర తిప్పకూడదు. అది మాకు తెలిసిన ఒకే ఒక చట్టం. డ్రైవరుకు అది తెలియదు. కానీ చక్రాల ముందు పడుకున్న ఊడ్పులమ్మను చూశాడు. తాళం మీది నుంచి చెయ్యి తీశాడు.

గేటు అవతల రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. ఇంకో రెండు వ్యాన్లు వస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని వెనక్కి నడిచాడు, మాకూ తనకూ మధ్య జాగా చేసుకుంటూ. ఆ జాగా లాఠీలకని మాకు అర్థమైంది.

ఎవరూ కదల్లేదు. లోపలి నుంచి మూడు. బయటి నుంచి మూడు.